పెద్దమ్మ తిట్లు ఎవరి సొత్తు?

తను బాగుచేసిన మైకులోనే తన మీద మాట్లాడితే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ఆ రోజు రేడియో పిల్లకి అరికాలి మంట నెత్తికెక్కింది.

హాలు పాతది. కదిలితే కిర్రుమనే చెక్క కుర్చీలు, ఎత్తుగా గాజు కిటికీలు, బయట వాన. వేదిక మీద ప్రభుత్వం వేసిన కమిటీ కూర్చుంది. ఎక్కడో దూరాన దేశదేశాల ప్రతినిధులు చేరి ప్రసారాల మీద ఒక అంతర్జాతీయ ఒప్పందం రాస్తున్నారు. దానికి మనం ఒప్పుకోవాలా వద్దా, ఒప్పుకుంటే టీవీలతో పాటు నెట్‌లో చేసే ప్రసారాలని కూడా అందులో కలపాలా అని జనాన్ని అడగడానికి పెట్టిన సభ అది. జనం వచ్చారు. మైకు మాత్రం పలకలేదు.

హాలు సిబ్బంది దాన్ని తట్టారు, ఊదారు, చివరికి బతిమాలినంత పని చేశారు. రేడియో పిల్ల చూస్తూ కూర్చోలేకపోయింది. లేచి వెళ్ళి ప్లగ్గు విప్పి, లోపల ఊడిపోయిన తీగని మెలిపెట్టి, సంచీలోంచి టేపు తీసి చుట్టి మళ్ళీ బిగించింది. "హలో" అంటే హాలంతా పలికింది. ఎలాగూ వచ్చాను కదా, నేనే మొదలుపెడదామా అనుకుంటూ ఉండగా వెనక నించి ఒక నల్లకోటు "థాంక్సండీ, వంతు నాది" అంటూ ముందుకొచ్చింది. కోటు లోపల చక్కటి మనిషే ఉన్నాడు. ఆ సంగతి ఆమె చాలా రోజుల దాకా ఒప్పుకోలేదు.

అతను ఒక పెద్ద టీవీ చానల్ తరఫు లాయరు. బాగా మాట్లాడాడు. అదే ఇంకా మంట. మేము కెమెరాలు పెట్టి, మనుషుల్ని పంపి ఒక మ్యాచ్ చూపిస్తే, నిమిషం తిరక్కుండా ఇంకో దేశంలో ఎవడో దాన్ని తన వెబ్‌సైటులో పెట్టుకుంటున్నాడని, వాడి మీద ఏ కోర్టులో కేసు వెయ్యాలో కూడా మాకు తెలీదని చెప్పాడు. అందులో తప్పేమీ లేదు. కానీ దిగబోతూ ఒక మాట అన్నాడు.

"నెట్‌లో చిన్నాచితకా ప్రసారాలు చేసుకునేవాళ్ళు ఊరికే కంగారు పడుతున్నారు. వాళ్ళ జోలికి ఎవరూ వెళ్ళరు."

రేడియో పిల్ల వంతు వచ్చింది. "నేనే ఆ చిన్నాచితకా" అని మొదలుపెట్టింది. హాలు నవ్వింది. ఆమె నవ్వలేదు.

"దొంగని పట్టుకోవడానికి చట్టం కావాలంటే రాసుకోండి, ఎవరు కాదన్నారు? కానీ ఈ ఒప్పందంలో రాసింది అది కాదు. తయారుచేసింది ఎవరైనా సరే, ప్రసారం చేసినవాళ్ళకి దాని మీద ఏళ్ళ తరబడి హక్కు అని రాశారు. మూట మోసినవాడికి కూలి ఇవ్వండి. మూటే రాసిచ్చేస్తారా?"

చప్పట్లు మోగాయి. వాటి వెనకే టైమ్ అయిపోయిందని గంట మోగింది. కమిటీ అధ్యక్షురాలు రెండో సభలో మిగతాది వింటామని చెప్పి లేచింది.

బయట వాన ఇంకా ముసురుపట్టే ఉంది. రేడియో పిల్ల దగ్గర గొడుగు లేదు. సంచీలో రికార్డరు ఉంది. చున్నీ తీసి సంచీకి చుట్టి, తను తడవడానికి సిద్ధపడి మెట్ల దగ్గర నిలబడింది. పక్కన గొడుగు విప్పిన చప్పుడయింది.

"మూటలు మోసేవాణ్ణి. గొడుగు కూడా మోస్తాను, రండి" అన్నాడు నల్లకోటు.

"మోశాక, గొడుగు కింద నడిచిన దారంతా మాదే అంటారేమో."

అతను పకపకా నవ్వాడు. సభలో అంత పద్ధతిగా మాట్లాడిన మనిషి ఇలా నవ్వుతాడని ఆమె అనుకోలేదు. రికార్డరు తడవకూడదు కాబట్టే ఆ గొడుగు కిందికి వెళ్ళింది. బస్‌స్టాప్ చేరేసరికి రికార్డరు పొడిగా ఉంది, ఆమె పొడిగా ఉంది, అతని కుడిభుజం మాత్రం తడిసి ముద్దయింది.

బస్సు ఆలస్యం కాబట్టి మాటలు సాగాయి. ఏం ప్రసారం చేస్తారని అడిగాడు. ఆమె చెప్పింది. చెప్పుల దుకాణం పైన ఒక గది, అదే ఆమె నెట్ రేడియో. అందులో ఆమె, రెండు మైకులు, ఆమె పెద్దమ్మ. పెద్దమ్మ అంటే అమ్మకి అక్క, ఉద్యోగమంతా ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరయిన మనిషి. ప్రోగ్రామ్ పేరు 'పెద్దమ్మ చీవాట్లు'. జనం ఫోన్ చేసి కష్టం చెప్పుకుంటారు, పెద్దమ్మ తిడుతుంది. అంతే.

"తిట్టించుకోవడానికి ఫోన్ చేస్తారా?"

"ఇంట్లో తిట్టేవాళ్ళు లేనివాళ్ళు చాలామంది ఉన్నారండీ."

అతను గొడుగు ఈ చేతి నించి ఆ చేతికి మార్చుకున్నాడు. తర్వాత నిజంగానే నచ్చచెప్పబోయాడు. మీ పెద్దమ్మగారి గొంతు మీ దగ్గర నించి లాక్కునేంత పిచ్చి పని ఏ చట్టమూ చెయ్యదన్నాడు.

"అలా జరిగిన రోజున ఆవిడ ముందు చేతులు కట్టుకుని కూర్చుంటాను. అందరూ వినేలా తిట్టించండి."

"మాట మీద నిలబడతారా?"

"లాయర్నండీ."

"అందుకే అడుగుతున్నాను."

బస్సు వచ్చింది. ఎక్కాక కిటికీలోంచి చూడకూడదనుకుంది, చూసింది. అతను గొడుగు ముడిచి, వానలో నిలబడి బస్సు వైపే చూస్తున్నాడు. గొడుగు ఉన్నవాడు ముడుచుకుని తడవడం ఏమిటో ఆమెకి అర్థం కాలేదు.

ఆ ఆదివారం ప్రోగ్రామ్ మధ్యలో ఒక ఫోన్ వచ్చింది. తెలిసిన గొంతు.

"నా కష్టం ఏంటంటే పెద్దమ్మగారూ, ఒకమ్మాయి నిండుసభలో నన్ను కూలీ అంది."

"నువ్వు చేసే పనేంటి నాయనా?"

"నోటితో బతుకుతానండి."

"అయితే కూలివే. నేనూ నోటికూలినే. దీనికి ఏడవడమేంటి? లేచి మొహం కడుక్కుని అన్నం తిను."

హెడ్‌ఫోన్లు పెట్టుకున్న రేడియో పిల్ల నవ్వు బయటికి రాకుండా పెదవి కొరుక్కుంది. ఆమె ఎప్పుడూ మైకులో మాట్లాడదు. బొత్తాలు నొక్కడం, శబ్దం సరిచెయ్యడం, తర్వాత కత్తిరించి అతికించి నెట్‌లో పెట్టడం, అదే ఆమె పని. వినేవాళ్ళకి ఆమె ఉన్నట్టే తెలీదు. తర్వాతి ఆదివారమూ అతను ఫోన్ చేశాడు. ఆ తర్వాతా చేశాడు. ఇంత చిన్న వయసులో ఇన్ని కష్టాలున్న కుర్రాణ్ణి తను చూడలేదని పెద్దమ్మ జాలిపడింది. ఆ జాలిలో కొంచెం అనుమానం కూడా ఉంది.

కోర్టుకి ఎదురుగా ఒక టీకొట్టు ఉంది. అక్కడ వాళ్ళిద్దరూ కలవడం, ఒప్పందం మీద పోట్లాడుకోవడం, టీ చల్లారిపోవడం మామూలైపోయింది. ఒక రోజు అతను అడిగాడు, ప్రోగ్రామ్ మొదట్లో, మధ్యమధ్యలో ఏదో చిన్న కిర్రుమనే చప్పుడు వస్తుంది, ఏంటది అని. ఆమె ఆశ్చర్యపోయింది. ఇన్నాళ్ళలో అది విన్నవాళ్ళు లేరు.

"గది నిశ్శబ్దం" అంది.

ప్రతి గదికీ తనదైన నిశ్శబ్దం ఒకటి ఉంటుందని, రికార్డింగ్ మొదలుపెట్టే ముందు ఎవరూ మాట్లాడకుండా కాసేపు దాన్ని పట్టుకోవాలని చెప్పింది. తర్వాత దగ్గో తుమ్మో కత్తిరించిన చోట దాన్ని అతికిస్తే అతుకు తెలియదు. పెద్దమ్మతో వచ్చిన చిక్కేమిటంటే ఆవిడ మాట్లాడకుండా ఉండలేదు. ఒక్కసారి గొంతు పోయినప్పుడు మాత్రం చక్కటి నిశ్శబ్దం దొరికింది. పాత ఫ్యాన్ ఒకటే కిర్, టక్ అంటూ తిరుగుతుంటుంది. ఆ ముక్కనే దాచుకుని అన్ని ప్రోగ్రామ్‌లలోనూ అతికిస్తూ వస్తోంది.

"అంటే మీ ప్రోగ్రామ్‌లు అన్నిటిలోనూ ఉన్నది ఒకే నిశ్శబ్దం."

"ఎవరికీ వినబడదులెండి."

"నాకు వినబడింది" అన్నాడు. అంత మామూలుగా అన్న మాటకి ఆమె చెవులు ఎందుకు ఎర్రబడ్డాయో టీకొట్టు వాడికి తెలుసు.

సరిగ్గా అలాంటి రోజుల్లోనే చానల్ వాళ్ళ పొద్దుటి ప్రోగ్రామ్ నించి ఫోన్ వచ్చింది. పెద్దమ్మ తిట్లు కొన్ని మా టీవీలో వేసుకోవచ్చా అని మర్యాదగా అడిగారు. నల్లకోటుకి దీనితో సంబంధం లేదు, అతను చెప్పనూ లేదు. రేడియో పిల్ల సంబరంలో కత్తిరించని రికార్డింగే మొత్తం పంపేసింది, ముందున్న గది నిశ్శబ్దంతో సహా. యాంకరమ్మకి అది కూడా ముద్దొచ్చింది కాబోలు, "ఇదిగో పెద్దమ్మ గది, ఫ్యాన్ వినండి" అంటూ మొదటి నించీ వేసింది. పెద్దమ్మ పక్కిళ్ళవాళ్ళని కూడా పిలిచి కూర్చోబెట్టుకుని చూసింది. తన తిట్లు తనే విని, ఇంకా గట్టిగా తిట్టాల్సిందంది.

తర్వాత ఒక పొద్దున రేడియో పిల్ల కంప్యూటరు తెరిస్తే రేడియో లేదు.

ఒక ప్రోగ్రామ్ కాదు, మొత్తం లేదు. ఒక్కోదాని చోట ఒక్కో నోటీసు. 'ఈ ప్రసారం మీద హక్కు చానల్‌ది. మీరు అనుమతి లేకుండా వాడుకున్నారు.' చానల్ తన ప్రసారాలన్నిటినీ ఒక యంత్రానికి అప్పగించింది. ఆ యంత్రం నెట్ అంతా వింటూ తిరుగుతుంది, చానల్‌లో వచ్చిన శబ్దం ఎక్కడ వినబడితే అక్కడ ఫిర్యాదు పడేస్తుంది. చానల్‌లో వచ్చిన ఆ ఫ్యాన్ చప్పుడు పెద్దమ్మ ప్రోగ్రామ్‌లు అన్నిటిలోనూ ఉంది కదా. యంత్రానికి అది చాలు. ఇన్ని ఫిర్యాదులు వచ్చాయని వెబ్‌సైటు వాళ్ళు రేడియోకి తాళం వేశారు. సంగతి తేలేదాకా తాళం తియ్యం అన్నారు.

పొయ్యి మీద పాలు పొంగుతున్నా కదలకుండా ఆమె ఆ నోటీసులే చూస్తూ కూర్చుంది. ప్రతిదాని కిందా ఒకే పేరు ఉంది. నల్లకోటు పేరు.

పెద్దమ్మ పాలు దింపి, కళ్ళజోడు పెట్టుకుని, నోటీసు చదివించుకుంది.

"నా తిట్లు వాళ్ళవా?"

"అవునట పెద్దమ్మా. మన ఫ్యాన్ కూడా."

"నేను తిట్టకూడదన్నవాళ్ళని చూశాను. నా తిట్లు నావి కావన్నవాడు ఇంతవరకూ పుట్టలేదు. ఎవడే వాడు?"

ఆమె ఆ పేరు చెప్పకుండా లేచింది. గోడవైపు తిరిగి అతనికి ఫోన్ చేసింది. పేరు మీదేనా అని మాత్రం అడిగింది. అతను కంగారుపడ్డాడు, తను పంపలేదన్నాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారని, అప్పటి నించి యంత్రం పంపే నోటీసులన్నీ తన పేరు మీదే వెళతాయని, తను వాటిని చూడనైనా చూడడని చెప్పాడు. చెబుతున్నకొద్దీ అతని గొంతు తగ్గిపోయింది.

"అంటే వినకుండానే మనుషుల నోళ్ళు మూయిస్తారు."

అతను "అవును" అన్నాడు. అబద్ధం చెప్పి ఉంటే కోపం తేలిగ్గా ఉండేది. ఆమె ఫోన్ పెట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం అతనే వచ్చాడు. చెప్పుల దుకాణం పక్కన ఇరుకు మెట్లెక్కి, గుమ్మంలో ఆగి, చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. పెద్దమ్మ గొంతుని బట్టే గుర్తుపట్టింది. "ఓహో, కష్టాల కుర్రాడివి నువ్వా?" అని మంచినీళ్ళిచ్చి ఫ్యాన్ కింద కూర్చోబెట్టింది. ఇంటికొచ్చినవాణ్ణి నీళ్ళివ్వకుండా తిట్టే అలవాటు ఆవిడకి లేదు.

అతను తల దించుకునే చెప్పాడు. తన పైన ఉన్న పెద్ద లాయరుగారిని కలిశాడు. ఫిర్యాదులన్నీ వెనక్కి తీసుకోవడానికి ఆయన ఒప్పుకున్నాడు. రేపే రేడియో తెరుచుకుంటుంది. ఒక్కటే షరతు. ఈ సంగతి రెండో సభలో ఎత్తకూడదు. ఇలాంటి పొరపాట్లు జరగనే జరగవని చానల్ అక్కడ చెప్పబోతోంది మరి.

అప్పుడు టేబుల్ మీది ఫోన్ మోగింది. రెండురోజులుగా అలా మోగుతూనే ఉంది. ప్రోగ్రామ్ ఏమైందని అడిగేవాళ్ళు. ఆమె తియ్యలేదు. తీసి ఏం చెబుతుంది? ఒప్పుకుంటే రేపటికల్లా వాళ్ళందరికీ పెద్దమ్మ గొంతు వినబడుతుంది. ఒప్పుకోకపోతే ఎప్పటికీ వినబడకపోవచ్చు. ఒక్క క్షణం ఆమె మనసు అటు మొగ్గింది. మొగ్గినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"మా తిట్లు తీసుకున్నారు, మా ఫ్యాన్ తీసుకున్నారు. ఇప్పుడు నా నోరు కూడా కట్టేసుకోమంటున్నారు. దొంగసొత్తు తిరిగిస్తూ, దొంగ అనొద్దని మాట తీసుకుంటారా ఎవరైనా?"

"ఒప్పుకోమని చెప్పడానికి రాలేదండీ. మీకు తెలియకుండా దాచడం ఇష్టంలేక వచ్చాను."

"మీరొచ్చింది చానల్ మనిషిగానా, మీలాగానా?"

అతను నీళ్ళు నమిలాడు. ఆమెకి అదే జవాబైంది. తలుపు చూపించింది. అతను లేచి, వెళ్ళబోతూ ఎందుకో ఆగి తలెత్తి ఫ్యాన్ వైపు చూశాడు. కిర్, టక్. కిర్, టక్. మెట్లు దిగిపోయాడు.

"మంచివాడే పాపం. వెన్నెముక ఎక్కడో మర్చిపోయినట్టున్నాడు" అంది పెద్దమ్మ గ్లాసు తీస్తూ. రేడియో పిల్ల ఆ రాత్రి అన్నం తినలేదు. కోపం వల్లే అనుకుంది.

రెండో సభకి పెద్దమ్మని వెంటబెట్టుకుని వెళ్ళింది. హాలు కిందటిసారికన్నా నిండింది. పత్రికలవాళ్ళు కూడా వచ్చారు. ముందువరసలో పెద్ద లాయరు, ఆయన వెనక నల్లకోటు. ఆమె అటు చూడలేదు. చూడకుండానే అతని గడ్డం మాసిందని ఎలా తెలిసిందో చెప్పలేం.

జరిగింది జరిగినట్టు చెప్పింది. ఫ్యాన్ చప్పుడు అన్ని ప్రోగ్రామ్‌లలోనూ తనే అతికించిన సంగతి కూడా దాచలేదు. మేము ఊరికే వినిపించమని ఇచ్చాం, అది వాళ్ళ నోట్లోంచి వచ్చింది కాబట్టి వాళ్ళదైపోయింది, అసలువాళ్ళం దొంగలమయ్యాం అంది.

పెద్ద లాయరు లేచాడు. కోప్పడలేదు, చిరునవ్వు నవ్వాడు. అమ్మాయి బాధ అర్థమైందన్నాడు. కానీ మా యంత్రం పొరపాటు పడదు, ఆ శబ్దం మా స్టూడియోలో రికార్డయింది, తెలియకో తెలిసో ఆ అమ్మాయే మా దగ్గర నించి తీసి తన ప్రోగ్రామ్‌లలో అతికించుకుని ఉంటుంది, అలా అతికించడం తన అలవాటని తనే చెప్పింది కదా అన్నాడు. అంత తియ్యగా చెప్పేసరికి హాలంతా తిరిగి రేడియో పిల్ల వైపు చూసింది. దొంగని చూసినట్టే చూసింది. ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దమ్మ లేవబోయింది.

ఆవిడకన్నా ముందు నల్లకోటు లేచాడు.

పెద్ద లాయరు చెయ్యి పట్టుకున్నా ఆగకుండా మైకు దగ్గరికి వచ్చాడు. మా చానల్ తనదంటున్న శబ్దం ఏమిటో ఒకసారి అందరూ వినాలని అధ్యక్షురాలిని అడిగాడు. తన ఫోన్ మైకు దగ్గర పెట్టాడు. హాలంతా చెవులు రిక్కించింది.

కిర్, టక్. కిర్, టక్.

మాట లేదు, పాట లేదు. ఒక ఖాళీ గది, ఒక పాత ఫ్యాన్. జనం మొహమొహాలు చూసుకున్నారు.

"మా స్టూడియోలో ఫ్యాన్ లేదు" అన్నాడతను. "గోడలకి మెత్తలు, తలుపులకి రబ్బరు. చీమ నడిచినా వినబడదు. ఈ ఫ్యాన్ నాకు తెలుసు. చెప్పుల దుకాణం పైన ఉంది. దాని కిందే కూర్చుని, ఆ అమ్మాయిని నోరు మూసుకోమని అడిగాను. నేను చేసిన..."

మైకు ఆగిపోయింది.

హాలు గోలగోలైంది. పెద్ద లాయరు, ఇక చాల్లే కూర్చో అన్నట్టు చెయ్యి ఊపాడు. అప్పటికే రేడియో పిల్ల మైకు దగ్గర ఉంది. తను చుట్టిన టేపు ఊడిపోయి వేలాడుతోంది. సంచీ కుర్చీలో ఉండిపోయింది. వెనక్కి వెళ్ళి తెచ్చేంత ఓపిక ఆమెకి లేదు. తీగని ప్లగ్గుకి అదిమిపెట్టి వేళ్ళతో అలాగే పట్టుకుంది. మైకు పలికింది.

"మాట్లాడండి" అంది, అతని వైపు చూడకుండా.

"ఆ నోటీసుల కింద ఉన్న పేరు నాది" అన్నాడతను. "నేను వాటిని వినలేదు, చదవలేదు. చట్టం చేతిలో లేనప్పుడే మేము ఒక ఖాళీ గదిని మాదని రాసుకున్నాం. రేపు ఆ హక్కు కూడా ఇచ్చేస్తే ఏం రాసుకుంటామో మీరే ఆలోచించండి."

ఆమె వేళ్ళు నొప్పెట్టాయి. వదల్లేదు.

ఆ సాయంత్రం పత్రికలవాళ్ళు చానల్‌కి ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఫిర్యాదులు ఒక్కటొక్కటిగా మాయమయ్యాయి. రేడియో తెరుచుకుంది. క్షమాపణ మాత్రం రాలేదు, ఇప్పటికీ రాలేదు. దొంగలని ఆపేంతవరకే చట్టం ఉండాలి, సొత్తు మార్చేదాకా పోకూడదు, నెట్ ప్రసారాలని ఇందులో కలపకూడదు అని కమిటీ తన రిపోర్టులో రాసింది. అక్కడ దూరాన, దేశదేశాల ప్రతినిధులు చానళ్ళవాళ్ళ మాట వింటూ ఆ ఒప్పందం ఇంకా రాస్తూనే ఉన్నారు. తలుచుకుంటే ఇప్పుడూ ఒళ్ళు మండుతుంది.

నల్లకోటుని హాల్లోనే రేపటి నించి రావద్దన్నారు.

సభ అయ్యాక మెట్ల దగ్గర మళ్ళీ వాన. అతను కోటు విప్పి చేతి మీద వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆమె వెళ్ళి పక్కన నిలబడింది. ఉద్యోగం సంగతి అడిగింది.

"మోయడానికి ఇంకో మూట చూసుకోవాలి" అన్నాడు.

"ఆ రోజు మా ఇంటికి మీలాగే వచ్చి ఉంటే బాగుండేది."

"తెలుసు. మెట్లు దిగుతుంటేనే తెలిసింది. మళ్ళీ ఎక్కడానికి సిగ్గేసింది."

ఆమె కాసేపు వాన వైపు చూసింది. కోపం పోలేదు. కానీ కోపం ఉన్నచోటే ఇంకేదో కూడా ఉంది, అది పోదని తెలిసిపోయింది.

"ఒక మాట ఇచ్చారు. చేతులు కట్టుకుని కూర్చుంటానని."

"ఎప్పుడు రమ్మంటారు?"

"ఆదివారం. గొడుగు విప్పండి, పెద్దమ్మ తడుస్తోంది."

గొడుగు కింద పెద్దమ్మ నడిచింది. వాళ్ళిద్దరూ ఇటొకరు అటొకరు తడిశారు.

ఆదివారం అతను అన్నమాట ప్రకారం వచ్చి, ఫ్యాన్ కింద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా పెద్దమ్మ. రేడియో పిల్ల హెడ్‌ఫోన్లు పెట్టుకుని, "గది నిశ్శబ్దం. ఎవరూ మాట్లాడకండి" అని రికార్డింగ్ నొక్కింది.

మాట్లాడకూడదు కాబట్టి అతను చూశాడు. మాట్లాడకూడదు కాబట్టి ఆమె కూడా చూసింది. హెడ్‌ఫోన్లలో ఫ్యాన్ తిరుగుతోంది. దాని వెనక అతను గుండెనిండా పీల్చిన ఊపిరి వినబడింది. చూపు తిప్పుకోవాలనే అనుకుంది. బొత్తాల మీద పెట్టిన చెయ్యి కదల్లేదు. అవసరమైనదానికన్నా ఎక్కువసేపే ఆ నిశ్శబ్దం రికార్డయింది.

"చూసుకున్నది చాలు, మొదలుపెట్టండి" అంది పెద్దమ్మ.

ఇక తిట్టింది. వినకుండా సంతకం పెట్టేవాడు చూడకుండా రోడ్డు దాటేవాడితో సమానమంది. చదువు ఎందుకు చదివావు, పేరు ఎందుకు పెట్టించుకున్నావు, ఆ పేరు ఎవరి నోటి మీద కూర్చుందో ఒక్కసారైనా చూసుకోవద్దా అంది. అతను ఒక్కమాట ఎదురు చెప్పలేదు. చివర్లో సభలో లేచి నిలబడిన సంగతి కూడా ఎత్తి, ఆ వెన్నెముక ఏదో ముందే తెచ్చుకుని ఉంటే పిల్ల అన్నం మానేసేది కాదు కదా అంది. రేడియో పిల్ల ఉలిక్కిపడింది. పెద్దమ్మ ఆగలేదు.

"ఇంకేమైనా కష్టముందా నాయనా?"

"ఒకటుందండీ. ఒకమ్మాయంటే నాకు చాలా ఇష్టం. ఆ అమ్మాయికి నా మీద ఉన్నది కోపమా ఇష్టమా తెలియట్లేదు."

పెద్దమ్మ ఇటు తిరిగింది. "ఏమే, ఊళ్ళోవాళ్ళ మైకులన్నీ బాగుచేస్తావు. నీ నోటికేమొచ్చింది?"

ఇన్నాళ్ళలో ప్రోగ్రామ్‌లో రేడియో పిల్ల గొంతు ఎవరూ వినలేదు. ఆమె రెండో మైకు మెల్లిగా తన వైపు తిప్పుకుంది. "రెండూ పెద్దమ్మా" అంది. "కోపం తగ్గుతుంది. రెండోది తగ్గేట్టు లేదు."

అతను కట్టుకున్న చేతులు విప్పడం మర్చిపోయి అలాగే నవ్వుతూ కూర్చున్నాడు.

"సరే, మీ అమ్మని తీసుకురా" అంది పెద్దమ్మ. "వినకుండా సంతకం పెట్టేలా పెంచినందుకు ఆవిణ్ణి కూడా నాలుగు తిట్టి, ఆ తర్వాత మాట్లాడుకుందాం."

అందరూ వెళ్ళాక రేడియో పిల్ల కంప్యూటరు ముందు కూర్చుని ఆ రికార్డింగ్ మొదటి నించీ విన్నది. ఫ్యాన్, దాని వెనక అతని ఊపిరి, ఇంకొంచెం జాగ్రత్తగా వింటే తన ఊపిరి. ఇన్నాళ్ళుగా దాచుకున్న పాత నిశ్శబ్దాన్ని తీసి పక్కన పెట్టింది. దాని చోట ఇది పెట్టుకుంది. ఇకమీదట పెద్దమ్మ దగ్గు కత్తిరించిన చోటల్లా దీన్నే అతికిస్తుంది. యంత్రాలు వస్తే రానీ, నోటీసులు వస్తే రానీ. ఇది ఎవరిదని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర ఒకటే మాట ఉంది. మా ఇద్దరిదీ.